పొట్టిగా ఉండి, ఛాతీ ఎక్కువగా ఉన్నవాళ్లకి వింటర్ కోటు ఎలా దొరుకుతుంది?

ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, భుజాలు చిన్నవి, ఛాతీకి మాత్రం ఎక్స్‌ఎల్ కావాలి, చికాగో వెళ్తున్నాను, కొనుక్కోనా హైదరాబాదులో కుట్టించుకోనా అని అడిగారు. దాదాపు నా కొలతలే అండి మీవి. ఎక్స్‌ఎల్ తీసుకుంటే భుజాలు జారి చేతులు వేళ్లు దాటిపోతాయి, మీడియం తీసుకుంటే జిప్పు పడదు. సైజు పట్టుకుని వెతికినంత కాలం ఇంతే. కోటు మీద కుట్లు ఎక్కడున్నాయో చూసి కొనండి, కుట్టు ఉన్నచోటే సరిచేయడానికి వీలుంటుంది.

బ్లౌజుల్లో ప్రిన్సెస్ కట్ అంటామే, అదే కోటులోనూ వెతకండి. ఛాతీ మీదుగా కింది దాకా నిలువు కుట్టు ఉంటే, ఛాతీకి సరిపోయే సైజు కొని నడుం దగ్గర టైట్ చేయించుకోవచ్చు. భుజాలు తగ్గించడం మాత్రం చాలా ఖర్చు, అందుకే భుజం కుట్టే లేకుండా మెడ దగ్గర నుంచి చంకకి ఏటవాలుగా చెయ్యి అతికే రాగ్లాన్ స్లీవ్ దొరికితే వదలకండి. పట్టుచీర పైట పిన్నుతో సహా అందులో ఇమిడిపోతుంది (మంచులో సంక్రాంతి ఫంక్షన్‌కి వెళ్లినప్పుడు అర్థమవుతుంది). ముందు రెండు వరసల బొత్తాలుండే డబుల్ బ్రెస్టెడ్ జోలికి పోవద్దు, రెండు పొరల బట్టా సరిగ్గా ఛాతీ మీదే వచ్చి పడుతుంది.

అక్కడ పెటీట్ అని 5 అడుగుల 4 అంగుళాలు, అంతకంటే తక్కువ ఎత్తు వాళ్లకి విడిగా సైజులుంటాయి, ల్యాండ్స్ ఎండ్, ఎల్ఎల్ బీన్ అనే బట్టల కంపెనీలు రెండింటిలోనూ దొరుకుతాయి. పొడవొక్కటే కాదు, నడుం, జేబులు కూడా పైకి జరుగుతాయి. మామూలు సైజులో మనకి జేబు తొడ మధ్యకి వస్తుంది, చేతులు పెట్టుకోవాలంటే వంగాలి!

కుట్టించుకోవడం కూడా మంచి ఆలోచనే, నా ఊలు కోటు సికింద్రాబాదులో కుట్టించిందే. కానీ బ్లౌజు టైలర్ దగ్గరికి కాకుండా సూట్లు, షేర్వానీలు కుట్టే జెంట్స్ టైలర్ దగ్గరికి వెళ్లండి, కాలర్, కోటు ఆకారం నిలబడేలా లోపల వేసే కాన్వాస్ పని వాళ్లకే బాగా తెలుసు. ఆడవాళ్ల డాట్స్ వాళ్లకి అంత అలవాటుండదు కాబట్టి మీకు బాగా పట్టిన ప్రిన్సెస్ కట్ బ్లౌజు ఆదికి ఇవ్వండి. ముందు కోరా బట్టతో ఒకటి కుట్టించి, మందపాటి స్వెటర్ మీద తొడుక్కుని, స్టీరింగ్ పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకి చాచి చూడండి. వీపు దగ్గర బిగిస్తే అక్కడ లూజు పెట్టమనండి, ఛాతీ చూసుకుంటూ వీపు మర్చిపోతాం. ఊలు బట్టకి కోయకముందే ఆవిరి పట్టించాలి, లేకపోతే తర్వాత కుంచించుకుపోతుంది. లైనింగ్ వెనక ఒక ఫ్లానెల్ పొర, పక్క కుట్లలో అంగుళం మార్జిన్ తప్పకుండా అడగండి.

అయితే ఆ ఒక్క కోటుతో చలికాలం గడవదు. 2019 జనవరిలో మైనస్ 30 డిగ్రీలు తాకిన ఊరది, పైగా పక్కనే ఉన్న మిషిగన్ సరస్సు మీద నుంచి గాలి. ఊలు కోటు ఆఫీసుకి, ఫంక్షన్లకి బాగుంటుంది, రైలు కోసం నిలబడాలంటే గడులు గడులుగా కుట్టి లోపల ఈకలు నింపిన పఫర్ కోటు మోకాళ్ల దాకా ఉండాల్సిందే, అందులో లావుగా కనిపిస్తే కనిపించనీయండి. పక్కల్లో సాగే బట్ట, నడుం దగ్గర లోపల లాగే తాడు, కింది నుంచి కూడా తెరుచుకునే జిప్పు ఉన్నది చూడండి, కారులో కూర్చుంటే తుంటి దగ్గర పట్టేయదు. కొన్నాక ఆల్టరేషన్ చేయించొచ్చులే అనుకోకండి, గడులు కోస్తే ఈకలు బయటికొస్తాయి.

ఇంకోటి, షాపులో కొన్న ఊలు కోటుకి వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా దారం కుట్టి ఉంటుంది, కొన్నిటికి చేతి మీద బ్రాండు పట్టీ కూడా. అవి షాపు వరకే, ఇంటికి రాగానే కత్తిరించేయండి. వాటితోనే చలికాలమంతా తిరిగేవాళ్లు మనవాళ్లలో బోలెడంతమంది!