ఎలుకను ముట్టని పైథాన్ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ పెంపుడు కొండచిలువ, ఆ బాల్ పైథాన్, ఐదు వారాలుగా ఎలుకను ముట్టడం లేదని, ఆ బెంగతో నీకు నిద్ర పట్టడం లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పాలు పట్టి చూడమని తానే సలహా కూడా ఇచ్చిందట. నాగులచవితి నాడు పుట్టలో పోసే పాలు మన భక్తి కొద్దీ పోసేవి. పాము ఆకలికి అవి పనికిరావు కనుక ఆ ప్రయత్నం చేయకు.

ముందుగా దాని బరువు చూడు. మూత ఉన్న డబ్బాలో పామును పెట్టి, వంటింటి కాటా మీద తూచి, డబ్బా బరువు తీసేసి, తేదీతో సహా రాసి పెట్టుకో. వారానికొకసారి ఇదే పని చేయి. పశ్చిమ, మధ్య ఆఫ్రికా నేలల నుంచి వచ్చిన ఈ జాతిలో ఎదిగిన పాములు, ముఖ్యంగా చలికాలంలో, నెలల తరబడి ఏమీ తినకుండా ఉండటం కొత్త కాదు. బరువు నిలకడగా ఉన్నంతకాలం నువ్వు ఓపిక పట్టడమే మంచిది. బరువులో పదో వంతు తగ్గితే మాత్రం సరీసృపాలను చూసే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళు. పిల్లపాములు ఇంత ఉపవాసానికి తట్టుకోలేవు కాబట్టి వాటి విషయంలో అంత దాకా ఆగకూడదు.

తిండి మానిందని నా దగ్గరకు తెచ్చిన పాముల్లో చాలావాటికి లోపం పెట్టెలోనే కనిపించింది. వెచ్చని వైపు 88 నుంచి 92, చల్లని వైపు 76 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. గాలిలో తేమ 60 శాతానికి తగ్గకూడదు. గాజుకు అతికించిన గుండ్రటి మీటరును నమ్మకుండా, పాము పడుకునే చోటనే వేడిని కొలువు. ఒళ్ళు నాలుగు వైపులా తగిలేంత ఇరుకైన గూళ్ళు రెండు వైపులా ఒక్కొక్కటి పెట్టు. విశాలంగా ఉంటే సుఖమని మనం అనుకుంటాం గానీ ఇరుకులో ఉంటేనే దానికి ధైర్యం. పెట్టెకు మూడు వైపులా నల్లకాగితం అంటించు. తూచేటప్పుడు తప్ప చేత పట్టకు, స్నేహితులకు చూపించకు.

కళ్ళు పాలనీలంగా మబ్బు పట్టి ఉంటే కుబుసం విడిచే దాకా ఎలుకను పెట్టవద్దు. ఆ తరువాత, గడ్డకట్టిన ఎలుకను రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, సంచిలో వేసి వేడినీళ్ళలో ఉంచి, 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దగ్గరగా వెచ్చబరచు. మైక్రోవేవ్‌లో పెడితే పొట్ట పగులుతుంది. పెదవుల వెంట ఉన్న గుంటలతో పాము వేడిని పసిగడుతుంది కనుక చల్లబడిన ఎలుకను అది ఆహారంగా గుర్తించకపోవచ్చు. దీపాలు ఆర్పిన తరువాత, పొడవాటి పట్టకారుతో తోక వైపు పట్టుకుని, గూటి ముందు నెమ్మదిగా కదిలించు. పట్టుకోకపోతే అక్కడే వదిలి, తెల్లవారాక తీసి పారేయి. మళ్ళీ వారం దాకా ప్రయత్నించకు. రోజూ ఎదుట పెడితే బెదురు ఇంకా పెరుగుతుంది.

బతికున్న ఎలుకను మాత్రం వేయవద్దు. మొదట్లో నేను తొందరపడి ఒకదాన్ని రాత్రంతా వదిలేస్తే, ఉదయానికి అది పాము వీపును వెన్నెముక దాకా కొరికేసింది. ఆ గాయం మానడానికి నెలలు పట్టింది.

నోట్లో నురగ, నోరు తెరిచి ఊపిరి తీయడం, గురక వంటి చప్పుడు, ఇవేవైనా కనిపిస్తే బరువుతో నిమిత్తం లేకుండా వెంటనే వైద్యుడికి చూపించు. ఈ ఆదివారం తూచిన బరువు, రెండు వైపుల వేడి నాకు రాసి పంపు. అంతదాకా కొత్త ఎలుకలు కొనకు.

ఇట్లు,
మీ మామయ్య