జీపీఎస్ వాళ్లు హెడ్‌సెట్ అంటారు, హెడ్‌సెట్ వాళ్లు జీపీఎస్ అంటారు. కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: నేను కావలిలో ఉంటాను. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌ని. రోజూ బైక్ మీద అల్లూరు, బోగోలు, జువ్వలదిన్నె వైపు గుంటల దగ్గరికి తిరగాలి. హెల్మెట్‌లో అమర్చే బ్లూటూత్ హెడ్‌సెట్‌ను నెల్లూరులో ఒక షాపులో 13,500 రూపాయలకు కొన్నాను. హ్యాండిల్‌కు బిగించే బైక్ జీపీఎస్‌ను 32,000 పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించాను. మొదట్లో బాగానే పనిచేశాయి. తర్వాత నుంచి ఫోన్ కాల్ వచ్చి, మాట్లాడి పెట్టేశాక జీపీఎస్ మాట వినపడడం లేదు. హెడ్‌సెట్ ఆపి మళ్లీ ఆన్ చేస్తేనే వస్తోంది. ఒక్కోసారి సెల్ఫ్ కొట్టగానే జీపీఎస్ రీస్టార్ట్ అవుతోంది. షాపువాళ్లు జీపీఎస్‌లో లోపం అంటారు, జీపీఎస్ అమ్మినవాళ్లు హెడ్‌సెట్‌లో లోపం అంటారు. షాపులో ఇచ్చింది తెల్ల చీటీ, దాని మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర. రెండింటికీ ఏడాది వారంటీ. కొని 14 నెలలైంది, పదో నెలలోనే ఇద్దరికీ వాట్సాప్‌లో, మెయిల్‌లో ఫిర్యాదు చేశాను. ఆన్‌లైన్ వాళ్ల నిబంధనల్లో కేసు ఏదైనా బెంగళూరులోనే వేయాలని ఉంది. ఇద్దరి మీదా కేసు వేయవచ్చా? మొన్న నెల్లూరు వీఆర్‌సీ సెంటర్‌లో పోలీసులు ఆపి, హెడ్‌సెట్ పెట్టుకుని బండి నడిపితే ఫైన్ అన్నారు. అది నిజమేనా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఇద్దరి మీదా వేయవచ్చు. కానీ ఈ వారం వేయకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఒక్క వాక్యం. కాల్ పెట్టేశాక జీపీఎస్ మాట రావడం లేదు, హెడ్‌సెట్ ఆపి ఆన్ చేస్తే వస్తోంది అన్నారు. వస్తువు పాడైతే ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ ఇంత మర్యాదగా తిరిగి రాదు. ఇది చాలావరకు జత కలిపిన తీరులో వచ్చే చిక్కు. అవతలి లాయరు మొదట పట్టుకునేది కూడా ఈ వాక్యాన్నే.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(10) లోపం అంటే ఏమిటో చెబుతుంది. నాణ్యతలోనో ప్రమాణంలోనో కొరత ఉండాలి. ఆ ప్రమాణం చట్టం పెట్టింది కావచ్చు, ఒప్పందంలో ఉన్నది కావచ్చు, అమ్మేవాడు తన సరుకు గురించి చెప్పుకున్నది కూడా కావచ్చు. ఆ కొరత ఉందని చూపించాల్సిన బాధ్యత ఫిర్యాదు చేసిన మీదే. ‘పనిచేయడం లేదు’ అంటే సరిపోదు, ‘నా సెట్టింగ్ వల్ల కాదు’ అని కూడా చూపగలగాలి. ఇద్దరు అమ్మకందారులు ఒకరి మీద ఒకరు నెట్టేసుకుంటూ ఉంటే మీ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. అందులోంచి బయటపడేసేది మీరు ఇంట్లో కూర్చుని చేసుకునే పరీక్షే తప్ప నేను రాసే నోటీసు కాదు.

సంగతి ఇదీ. హెడ్‌సెట్‌లో కాల్స్‌కు ఒక దారి, పాటలకు ఇంకో దారి వేరువేరుగా ఉంటాయి. మొదటిదాన్ని హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్ అంటారు, రెండోదాన్ని ఏటూడీపీ అంటారు. మీరు ఫోన్‌ను హెడ్‌సెట్‌కు నేరుగా కలిపి, అదే హెడ్‌సెట్‌కు జీపీఎస్‌ను కూడా కలిపి ఉంటారు. కాల్ రాగానే ఫోన్ హెడ్‌సెట్‌ను తన కాల్ దారికి పట్టేసుకుంటుంది. కాల్ అయ్యాక వదలదు, లేదా వదిలినా జీపీఎస్ తిరిగి అందుకోదు. ఇలాంటి బైక్ జీపీఎస్‌లకు సాధారణంగా చెప్పే పద్ధతి వేరు. ఫోన్‌ను జీపీఎస్‌కు, జీపీఎస్‌ను హెడ్‌సెట్‌కు కలపాలి. ఫోన్‌కూ హెడ్‌సెట్‌కూ మధ్య నేరుగా జత ఉండకూడదు. అప్పుడు కాల్ కూడా జీపీఎస్ మీదుగానే చెవికి చేరుతుంది.

కాబట్టి ఒక ఆదివారం కూర్చోండి. మూడు పరికరాల్లోనూ పాత జతలన్నీ తీసేయండి. హెడ్‌సెట్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రెండింటికీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూసి వేయండి, వేసిన తేదీ రాసుకోండి. ముందు జీపీఎస్ ఆపేసి, ఫోన్‌తో హెడ్‌సెట్ ఒక్కదాన్నే అరగంట వాడండి. కాల్స్, పాటలు రెండూ చూడండి. తర్వాత ఫోన్ బ్లూటూత్ ఆపేసి, హెడ్‌సెట్‌ను జీపీఎస్‌తో మాత్రమే కలిపి బండి మీద ఒక చుట్టు తిరిగి రండి. ఆపైన స్నేహితుడి హెడ్‌సెట్ అడిగి, దాన్ని మీ జీపీఎస్‌కు కలపండి. చివర్లో పైన చెప్పిన పద్ధతిలో మూడింటినీ కలిపి ఎవరినైనా కాల్ చేయమనండి. ప్రతిదాన్నీ ఇంకో ఫోన్‌తో వీడియో తీయండి. తెర మీద టైము, తేదీ కనపడాలి, బాక్సు మీద సీరియల్ నంబరు కనపడాలి. ఆ వీడియోలు వాట్సాప్‌లో పంపి అసలు చెరిపేస్తారు మనవాళ్లు. అసలు ఫైళ్లు అలాగే ఉంచండి.

జీపీఎస్ మాటలో మొదటి ముక్క మింగేసి, ‘రెండు వందల మీటర్లలో’ అన్నది పోయి ‘ఎడమకు తిరగండి’ మాత్రమే వినిపిస్తే అది లోపం కాదు. హెడ్‌సెట్ దారి తెరుచుకునేందుకు పట్టే ఆ క్షణంలో మొదటి మాట పోతుంది. దీన్ని ఫిర్యాదులో కలపకండి, కలిపితే మిగతా మాట కూడా తేలికైపోతుంది.

ఇప్పుడు ఫలితాన్ని బట్టి చట్టం. ఫోన్‌తో ఒక్కదాన్నే వాడినా హెడ్‌సెట్ తెగిపోతుంటే తప్పు హెడ్‌సెట్‌ది. షాపు, తయారీదారు లేదా దిగుమతిదారు ప్రతివాదులవుతారు. స్నేహితుడి హెడ్‌సెట్‌తోనూ జీపీఎస్ అదే పని చేస్తే తప్పు జీపీఎస్‌ది, ఆన్‌లైన్ అమ్మకందారు, దిగుమతిదారు ప్రతివాదులు. విడివిడిగా రెండూ బాగుండి, కొత్త పద్ధతిలో కలిపాక సమస్య పోతే మీకు కేసు లేదు. ఆదివారం సాయంత్రానికే పని అయిపోయినట్టు. అలా జరిగితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

అసలు కేసు నాలుగో పరిస్థితిలో ఉంది. విడివిడిగా రెండూ బాగుంటాయి, సరైన పద్ధతిలో కలిపినా కలిసి పనిచేయవు. అప్పుడు రెండు బాక్సులూ, రెండు ప్రకటనలూ ముందు పెట్టుకుని చదవండి. జీపీఎస్ పేజీలో ‘అన్ని బ్లూటూత్ హెడ్‌సెట్లతో పనిచేస్తుంది’ అని ఉందా? హెడ్‌సెట్ బాక్సు మీద ‘ఒకేసారి రెండు పరికరాలు’ అని ఉందా? ఎవరు ఆ మాట అన్నారో వాళ్లే చిక్కుతారు. ఆ పేజీ ఫోటో ఇవాళే తీసి పెట్టుకోండి, రేపు మార్చేయవచ్చు. ఎవరూ అలా అనకపోతే గెలుపు కష్టం. ఇక్కడ మాత్రం ఇద్దరినీ కలిపి ప్రతివాదులుగా చేర్చడం సబబే. ఎవరి నుంచి పరిహారం రావాలో తెలియనప్పుడు ఇద్దరినీ చేర్చుకోవచ్చన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 7లోని సూత్రం. వినియోగదారుల కమిషన్ ముందు ఆ కోడ్ అక్షరాలా వర్తించకపోయినా ఈ సూత్రాన్ని ఆసరాగా చెప్పుకోవచ్చు.

సెల్ఫ్ కొట్టగానే రీస్టార్ట్ కావడం వేరే జబ్బు. సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా కరెంటు లాగేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది, దాని మీద నడిచే పరికరం ఆగి మళ్లీ లేస్తుంది. బ్యాటరీ పాతదైతే మరీను. వైరు ఎవరు బిగించారు? బయట మెకానిక్ అయితే ఈ ముక్కను ఫిర్యాదులో పెట్టకండి. అవతలివాళ్లు ‘వైరింగ్ మార్చారు, వారంటీ పోయింది’ అనడానికి మీరే తలుపు తీసినట్టవుతుంది. అలాగే హెడ్‌సెట్‌ను ఎవరిచేతా విప్పించకండి. మీరు తిరిగేది ఉప్పు గాలిలో. చార్జింగ్ రంధ్రంలో పచ్చగా చిలుం పట్టి ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే సర్వీసు సెంటర్ ‘నీళ్లు తగిలాయి’ అని రాసి చేతులు దులుపుకుంటుంది. బాక్సు మీద ఐపీ67 అని, అంటే దుమ్మును, నీళ్లను తట్టుకుంటుందని ఉన్నా ఆ పరీక్ష మంచినీళ్లలో చేసేది, ఉప్పునీటికి అది హామీ కాదు.

తెల్ల చీటీ గురించి భయం వద్దు. బిల్లు ఇవ్వకపోవడమే సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. యూపీఐ చెల్లింపు రికార్డు, చీటీ, వాట్సాప్ సంభాషణ కలిస్తే కొనుగోలు రుజువవుతుంది. ‘వాపసు తీసుకోబడదు’ ముద్ర లోపమున్న సరుకుకు అడ్డు రాదు. బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం కూడా అదే సెక్షన్ కింద తప్పే. మీకు ఆ 30 రోజులు ఎప్పుడో దాటాయి కాబట్టి మీ బలమంతా వారంటీలోనే ఉంది. పదో నెలలో పంపిన ఆ మెసేజే మీ కేసుకు ప్రాణం. వారంటీ ఉండగానే చెప్పారు, వాళ్లు సాగదీశారు. సాగదీసినంత మాత్రాన వారంటీ హక్కు పోదు.

కేసు వేసే గడువు మాత్రం వేరు. సెక్షన్ 69 ప్రకారం కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. లోపం బయటపడిన మొదటి రోజు నుంచే లెక్కపెట్టుకోండి. మెయిళ్లు ఇటూ అటూ నడుస్తున్నాయి కదా అని ధీమాగా కూర్చోవద్దు, ఉత్తరాలు రాసుకున్నంత మాత్రాన గడువు పెరగదు.

బెంగళూరు షరతు మిమ్మల్ని ఆపలేదు. ఫిర్యాదుదారు ఉండే చోట, లేదా పనిచేసే చోట కేసు వేసుకునే వీలు సెక్షన్ 34 ఇచ్చింది. నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా దాఖలు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. నా వృత్తికి నష్టమే అయినా చెబుతున్నాను, 13,500 వస్తువు కోసం లాయరుకు అంతకంటే ఎక్కువ పోయకండి.

ఒక చిన్న మెలిక. మీరు ఉద్యోగం కోసం వాడుతున్నారు గనుక ‘వాణిజ్య అవసరానికి కొన్నారు, వినియోగదారు కాదు’ అని వాదిస్తారు. మీ సొంత డబ్బుతో, మీ సొంత వాడకానికి కొన్నారు, ఆ వస్తువు వల్ల నేరుగా వచ్చే లాభమేమీ లేదు అని జవాబు చెప్పండి. బిల్లు మీద కంపెనీ జీఎస్టీ నంబరు వేయించుకుని ఉంటే మాత్రం నాకు ముందే చెప్పండి, అప్పుడు దారి మారుతుంది.

ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆన్‌లైన్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు విడిగా రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కదలిక లేకపోతే పరీక్ష ఫలితాలు రాసి, 15 రోజులు గడువిచ్చి, స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. నోటీసు ఇవ్వాలని చట్టంలో లేదు గానీ నోటీసు అందగానే సగం షాపులు దిగివస్తాయి. అక్కడికీ కాకపోతే కేసు. వస్తువును పరీక్షకు పంపాలని కమిషన్ అనుకుంటే సీల్ వేసి ల్యాబ్‌కు పంపుతుంది, ఆ ఖర్చు మొదట మిమ్మల్నే కట్టమనవచ్చు. ల్యాబ్ పరీక్ష లేకుంటే ప్రతివాదికి నోటీసు అందాక 3 నెలల్లో, ఉంటే 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది. మరమ్మతు, లేదా మార్పిడి, లేదా సొమ్ము వాపసు, దానికి తగినంత పరిహారం, ఖర్చులు అడగండి. టెన్షన్ పడ్డానని 5 లక్షలు అడిగితే అసలు అడగాల్సిన దాని మీద కూడా నమ్మకం సన్నగిల్లుతుంది.

ఇక పోలీసుల సంగతి. ఇయర్‌ఫోన్స్‌తో కనపడితే 20 వేలు ఫైన్ అని 2023లో వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అది నిజం కాదని రవాణా శాఖే చెప్పింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చింది చేతిలో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడకాన్ని. మొదటిసారికి జరిమానా వెయ్యి నుంచి 5 వేల దాకా, జైలు శిక్షకూ వీలుంది. 2020లో కేంద్ర నిబంధనలను సవరిస్తూ, దారి చూసుకోవడానికి మాత్రం పరికరం వాడుకోవచ్చు, నడిపేవాడి ధ్యాస చెదరకూడదు అన్నారు. హ్యాండిల్‌కు బిగించిన మీ జీపీఎస్, దాని మాట వినిపించే హెల్మెట్ స్పీకరు ఆ మినహాయింపు స్ఫూర్తికి దగ్గరగానే ఉన్నాయి.

కాల్స్ మాట వేరు. చేతిలో ఫోన్ లేదు కాబట్టి ‘చేతిలో పట్టుకునే’ అన్న పదం మీకు తగలదని నేను వాదిస్తాను. కానీ ధ్యాస తప్పి అడ్డదిడ్డంగా నడిపారని అదే సెక్షన్‌లోని సాధారణ భాగం కింద రాసే వీలు పోలీసులకు ఉంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ లాయరు మొదట అడిగేది ఆ నిమిషంలో కాల్ నడుస్తోందా అనే. హైవే ఎక్కాక కాల్స్ ఎత్తకండి, గుంట దగ్గర ఆగి మీరే చేయండి. హెడ్‌సెట్ బిగించడానికి హెల్మెట్‌కు రంధ్రం పెట్టి ఉంటే ఆ హెల్మెట్ మార్చేయండి. చలానా రాస్తే ఏ సెక్షన్ వేశారో చూసుకోండి, ఫోటోలో మీ చేతిలో ఫోన్ లేకపోతే డబ్బు కట్టేయకుండా కోర్టులో తేల్చుకునే హక్కు మీకుంది.