గోదావరి గట్ల వెంట నడకకు ఒక్కరి టెంట్: ఏది మేలు?

ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా వీపున సామానుతో నడిచేవారు ఒక్కరికి సరిపడే తేలికైన టెంట్‌ను ఎలా ఎంచుకోవాలన్నది ప్రశ్న. చాలామంది ముందుగా బరువే చూస్తారు కానీ, డెల్టాలో అంతకన్నా ముఖ్యం లోపల గాలి ఆడడం. శీతాకాలపు తెల్లవారుజామున ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ కనుక, ఒకే పొర ఉన్న టెంట్‌లో మన ఊపిరిలోని ఆవిరి గుడ్డ లోపలివైపు నీటిబొట్లుగా పేరుకుని, పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా దుప్పటిని తడుపుతుంది. అందువల్ల లోపల దోమతెర, బయట వాన ఆపే గుడ్డ వేరువేరుగా ఉండే రెండు పొరల టెంట్ కొంత బరువు పెరిగినా మేలు. దోమల సంగతి కోనసీమవారికి చెప్పనక్కరలేదు.

మొత్తం బరువు 1 నుంచి 1.5 కిలోల మధ్య ఉంటే చాలు. ప్రకటనల్లో తరచుగా మేకులు, సంచి మినహాయించిన బరువే కనిపిస్తుంది కనుక అన్నీ కలిపిన లెక్క అడగాలి. నైలాన్ తడిస్తే సాగి వదులవుతుంది, పాలియెస్టర్ అంతగా సాగదు.

నడకకర్రల ఆధారంతో నిలిచే టెంట్లు బాగా తేలిక. అయితే వాటి నిలకడంతా మేకుల పట్టులోనే ఉంటుంది, లంకల పొడి ఇసుకలో సన్నని మేకు రెండు వేళ్లతో లాగినా ఊడివస్తుంది. ఇసుకతిన్నెల మీద పడుకోదలచినవారు తన కమ్మీలతో తానే నిలబడే రకాన్ని తీసుకోవడమో, మేకులకు బదులు ఇసుక నింపి పాతిపెట్టే చిన్న గుడ్డసంచులు వాడడమో చేయాలి. 5 అడుగుల 8 అంగుళాల మనిషికి లోపలి పొడవు కనీసం 210 సెంటీమీటర్లు ఉండాలి. ఎంత మంచి టెంట్ అయినా కొబ్బరిచెట్టు కింద వేయరాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం హెచ్చరిక ఉంటే అసలు బయలుదేరనే కూడదు.