హంస సంతకానికి ఇంటి డిపాజిట్ డబ్బా?

ప్రశ్న: లండన్ శివారు హారోలో అద్దెకు ఉంటున్నాం. నాకు 34, మావారికి 37. ఇల్లు కొనడానికి డిపాజిట్ కింద 11,000 పౌండ్లు కూడబెట్టాం. మా పాపకు తొమ్మిదేళ్లు, బ్యాలే నేర్చుకుంటోంది. ఈ మధ్య ఒక పాత వస్తువుల డీలర్, హంస నాట్యంతో పేరుపొందిన రష్యా బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా సంతకం చేసిన ఆరు ఫొటోలు, 1923 నాటి లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్ ప్రోగ్రాం పుస్తకం కలిపి 5,800 పౌండ్లకు ఇస్తానన్నాడు. "ఆవిడ 1931లోనే పోయింది, ఇక కొత్త సంతకాలు పుట్టవు, ధర పెరగడమే తప్ప తగ్గదు, పైగా పన్ను కూడా లేదు" అంటున్నాడు. పాప పెద్దయ్యాక అమ్మి చదువుకు వాడొచ్చని నా ఆశ. మావారు వద్దంటున్నారు. మీరేమంటారు?

జవాబు: నేనూ వద్దనే అంటాను. మీవారు ఏ కారణంతో వద్దన్నారో మీరు రాయలేదు. నా కారణాలు చెబుతాను.

కొత్త సంతకాలు పుట్టవన్న మాట నిజమే. మరి పాతవి ఎన్ని ఉన్నాయి? అది తెలియాలంటే ఆవిడ బతుకు ఎలా సాగిందో చూడాలి. పావ్లోవా 1881లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. తల్లి బట్టలుతికి బతికిన మనిషి. పదేళ్లకు రాజ బ్యాలే పాఠశాలలో చేరి, 1899లో మారిన్‌స్కీ థియేటర్‌లో అడుగుపెట్టి, 1906 కల్లా అక్కడ ప్రధాన నర్తకి అయింది. అక్కడే ఉండిపోయి ఉంటే ఆవిడ సంతకం ఈరోజు నిజంగానే అరుదు. కానీ 1912లో లండన్ గోల్డర్స్ గ్రీన్‌లో ఐవీ హౌస్ కొనుక్కుని, సొంత బృందం పెట్టుకుని ప్రపంచం మీద పడింది. 1914 తర్వాత రష్యా వెళ్లనేలేదు. అమెరికా, దక్షిణ అమెరికా, జపాన్, ఇండియా, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా... రైలు దిగడం, ఆడటం, మళ్లీ రైలెక్కడం. తర్వాత ఇంగ్లండ్‌లో పెద్ద నృత్య దర్శకుడైన ఫ్రెడరిక్ ఆష్టన్ పదమూడేళ్ల కుర్రాడిగా 1917లో ఆవిడను చూసింది ఎక్కడో తెలుసా? పెరూలోని లిమాలో! అలా ఊరూరా ఆడుతూ, అభిమానులు చాపిన ఫొటోల మీద, ప్రోగ్రాం పుస్తకాల మీద సంతకాలు పెడుతూ పోయింది. 1931 జనవరి 23న హేగ్‌లో, యాభై నిండటానికి మూడు వారాల ముందు చనిపోయేదాకా ఇదే జీవితం. అందుకే ఆ సంతకాలు ఇప్పటికీ వేలాలకు వస్తూనే ఉంటాయి.

అదే కాలపు రష్యా నర్తకుడు నిజిన్‌స్కీ కథ వేరు. మానసిక అనారోగ్యంతో ముప్పై ఏళ్లకే రంగస్థలానికి దూరమయ్యాడు. అతని సంతకం దొరకడం కష్టం, దొరికితే ధర దడ పుట్టిస్తుంది. ఇటు చివర ఇంగ్లండ్ బ్యాలే నర్తకి మార్గో ఫాంటేన్ ఉంది. దశాబ్దాల పాటు ఆడింది, అడిగినవాళ్లకు సంతకాలు పెట్టింది. ఆవిడ సంతకం పదుల పౌండ్లకే దొరుకుతుంది. పావ్లోవాది ఈ ఇద్దరికీ మధ్య.

డీలర్ మాట్లాడనిది గిరాకీ గురించి. ఆవిడ నాట్యం కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు లేరు. ఈ తరంలో ఎక్కువమందికి పావ్లోవా అంటే గుడ్డు తెల్లసొనతో చేసే తీపి వంటకం. అది మాదంటే మాదని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇప్పటికీ కొట్టుకుంటుంటాయి, పేరు ఎవరిదో మాత్రం చాలామందికి పట్టదు. పదేళ్ల తర్వాత మీ దగ్గర కొనేవాడు ఎవరో ఊహించుకోగలుగుతున్నారా? సరఫరా ఆగినంత మాత్రాన ధర పెరగదు, అడిగేవాడు ఉండాలి.

ఇక లెక్క. వేలం సంస్థ అమ్మేవాళ్ల దగ్గర 15 శాతం కమీషన్, ఆ కమీషన్ మీద 20 శాతం వ్యాట్ (అమ్మకపు పన్ను) తీసుకుంటుందనుకుందాం. అంటే 18 శాతం పోతుంది. ధరలు ఏటా 3 శాతం పెరుగుతాయనుకుంటే, మీ 5,800 విలువ పదేళ్ల తర్వాత నిలబడాలంటే చేతికి 7,800 రావాలి. అది రావాలంటే వేలంలో సుత్తి 9,500 దగ్గర పడాలి. కొనేవాడు దాని మీద మళ్లీ వేలం సంస్థకు పాతిక శాతం ప్రీమియం, ఆ ప్రీమియం మీద వ్యాట్ కట్టాలి కాబట్టి అతని జేబులోంచి పోయేది 12,300 పౌండ్ల పైమాటే. మీరు 5,800 పెట్టినదానికి ఒకాయన 12,300 పెడితేగానీ మీకు పైసా లాభం లేదు! ఇందులో ఇన్సూరెన్స్, ఎండ తగలకుండా ఫ్రేములు కట్టించే ఖర్చు కలపనేలేదు.

పన్ను లేదన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. ఇక్కడ ఇలాంటి వస్తువు 6,000 పౌండ్లు లేదా అంతకంటే తక్కువకు అమ్మితే లాభం మీద పన్ను ఉండదు. కానీ అన్నిటినీ ఒక సెట్టుగా ఒకరికే అమ్మితే ఒక్క వస్తువుగా లెక్కగట్టే అవకాశం ఉంది. అయినా లాభమే అనుమానమైనప్పుడు పన్ను గురించి టెన్షన్ ఎందుకు?

అసలు ఆ సంతకాలు నిజమైనవేనా? నేనొకసారి క్రికెటర్ల సంతకాలున్న బ్యాట్ ఒకటి ముచ్చటపడి కొన్నాను. ఇంటికొచ్చాక భూతద్దం పెట్టి చూస్తే అన్నీ చుక్కలు చుక్కలుగా అచ్చేసినవి. ఇప్పటికీ అటక మీదే ఉంది, మా ఆవిడకు మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తుంటుంది. మీరు భూతద్దం ముందే పట్టుకెళ్లండి. చుక్కలు కనిపిస్తే అచ్చు. సిరా కాగితంలోకి ఇంకి, గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటే కొంత నమ్మకం. బాల్‌పెన్ గీతైతే అక్కడే లేచి వచ్చేయండి, అవి మార్కెట్లోకి వచ్చింది 1940లలో, ఆవిడ పోయిన చాలా ఏళ్లకు. ఫొటో కాగితం అతినీలలోహిత కాంతి కింద తెల్లగా మెరిసినా అనుమానించాల్సిందే, ఆ మెరుపు రసాయనాలు కాగితంలోకి వచ్చింది 1950 ప్రాంతంలో. ఇవి దాటితే సరిపోదు, ఆ ఫొటో ఎవరి చేతుల నుంచి ఎవరికి వచ్చిందో కాగితం మీద రాసిమ్మని అడగండి. డీలర్ తనకు తానే ఇచ్చుకున్న సర్టిఫికెట్‌ను నేను లెక్కలోకి తీసుకోను. ఒకే మనిషి దగ్గర ఒకేసారి ఆరు సంతకాలు ఉండటం కూడా నాకెందుకో నచ్చలేదు.

డబ్బు సంగతికి వద్దాం. మీ ఇద్దరికీ నలభై లోపే కాబట్టి ప్రభుత్వం బోనస్ కలిపే పొదుపు ఖాతా, లైఫ్‌టైమ్ ఐసా తెరవొచ్చు. ఇప్పటి నిబంధనల ప్రకారం ఒక్కొక్కరు ఏడాదికి 4,000 పౌండ్ల దాకా వేస్తే ప్రభుత్వం 25 శాతం, అంటే 1,000 పౌండ్లు కలుపుతుంది. ఇద్దరికీ కలిపి 2,000. ఏ సంతకమూ ఇంత ఖాయంగా ఇవ్వదు. అయితే ఒక మెలిక ఉంది, మనవాళ్లు తరచూ ఇక్కడే తప్పులో కాలేస్తారు. ఆ డబ్బుతో కొనేది మీ మొదటి ఇల్లు అయి ఉండాలి, మొదటిది అంటే ప్రపంచంలో ఎక్కడా ఇప్పుడుగానీ ఇంతకుముందుగానీ ఇల్లు లేనట్టు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ మీ పేరున ఉన్నా, నాన్నగారి ఇంట్లో వాటా వచ్చినా ఆ అర్హత పోతుంది. అప్పుడు మధ్యలో తీస్తే 25 శాతం కోత, అంటే బోనస్‌తో పాటు మీ అసల్లో కూడా కొంత పోతుంది. ఇల్లు 4,50,000 పౌండ్లు దాటకూడదు, ఖాతాలో మొదటిసారి డబ్బు వేసి ఏడాది నిండాలి. ఊళ్లో పేపర్లు ఎవరి పేరున ఉన్నాయో ముందు కనుక్కోండి, ఆ తర్వాతే తెరవండి.

ఆ మూటలో నా కన్ను పడింది ఒక్కదాని మీదే, డీలర్ కొసరుగా కలిపిన ప్రోగ్రాం పుస్తకం. 1923లో కోవెంట్ గార్డెన్‌లో పావ్లోవా రాధగా, మన ఉదయ్ శంకర్ కృష్ణుడిగా ఆడారు. అంతకుముందు ఇండియా వచ్చి వెళ్లినప్పటి నుంచి ఆవిడకు మన కళల మీద మనసు. తర్వాత భరతనాట్యానికి పేరు తెచ్చిన రుక్మిణీదేవి అరండేల్‌ను మీ దేశపు నాట్యం వైపు చూడమన్నదీ ఆవిడే. ఆ పుస్తకం ఆ ప్రదర్శనదేనా, లోపల ఉదయ్ శంకర్ పేరు ఉందా చూడండి. ఉంటే, అదొక్కటీ విడిగా ఇస్తాడేమో అడగండి. సంతకం లేని ప్రోగ్రాంకు 50, 60 పౌండ్లకు మించి పెట్టొద్దు. పాప గదిలో పెట్టండి, ఒక ఆదివారం గోల్డర్స్ గ్రీన్ తీసుకెళ్లి ఐవీ హౌస్ బయటి నుంచి చూపించండి. అక్కడ చెరువులో ఆవిడ జాక్ అనే హంసను పెంచుకునేది.