మేకు గుచ్చుకుంది, టీటీ వేయించాం: సరిపోతుందా?

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది. నాలుగు రోజుల క్రితం పాత పశువుల కొట్టం విప్పుతుండగా తుప్పుపట్టిన మేకు హవాయి చెప్పును చీల్చుకుని అరికాల్లో దిగింది. రక్తం పెద్దగా రాలేదు. పసుపు అద్ది, ఊళ్లోనే టీటీ వేయించాం. కాస్త వాపు ఉన్నా నొప్పి లేదు కదా అని ఆసుపత్రికి రానంటున్నారు. ఇంకా భయపడాలా?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఆయనను ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చాలాకాలంగా షుగరు ఉన్నవారికి పాదాల నరాలు మొద్దుబారి, లోపల చీము పడుతున్నా నొప్పి తెలియకపోవచ్చు. అందువల్ల ఆయన విషయంలో వాపునే నొప్పిగా లెక్కవేయాలి.

టీటీ గానీ, దాని స్థానంలో ఇప్పుడు ఇస్తున్న టీడీ గానీ ధనుర్వాతాన్ని నివారించడానికే తప్ప చీము పట్టించే సూక్ష్మజీవులను ఆపడానికి కాదు. ధనుర్వాతానికి తుప్పు కారణమని అందరూ అనుకుంటారు గానీ, అసలు కారణం మట్టిలో, పేడలో ఉండి, గాలి సోకని లోతైన గాయంలో పెరిగే సూక్ష్మజీవి. ఇలాంటి మురికి గాయానికి, చివరి డోసు వేయించుకుని 5 ఏళ్లు దాటితే మరొకటి అవసరం. జీవితంలో 3 డోసులు పూర్తికానివారికి ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే, సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి. పాత డోసుల వివరాలు గుర్తున్నంతవరకు డాక్టరుకు చెప్పండి.

చెప్పు సంగతి మరువకండి. మేకుతోపాటు రబ్బరు తునక లోపలికి పోయి ఉండవచ్చు. చెమ్మపట్టిన చెప్పుల్లో ఉండే సూడోమోనాస్ అనే బాక్టీరియా ఎముక దాకా పాకగలదు. ఎక్స్‌రేలో ఇనుము కనబడుతుంది గానీ రబ్బరు, చెక్కపేడు తరచుగా కనబడవు. కాబట్టి ఆ చెప్పునే వెంట తీసుకెళ్లి చూపించడం మంచిది.

కత్తిపీట, కొడవలి గాయాలలో శుభ్రమైన గుడ్డతో 10–15 నిమిషాలు మధ్యలో ఎత్తి చూడకుండా అదిమిపట్టినా రక్తం ఆగకపోయినా, అంచులు విడిపోయినా, వేలు ముడవలేకపోయినా, స్పర్శ తెలియకపోయినా ఆలస్యం చేయకూడదు. కుట్లు కొన్ని గంటల్లోనే పడాలి. లోతుగా దిగబడిన వస్తువును ఇంట్లో పీకవద్దు. కాఫీపొడి, సున్నం పూసే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. అవి గాయాన్ని కప్పేసి, శుభ్రం చేసేవారికి పని పెంచుతాయి. కుక్క కరిస్తే మాత్రం, గీరుకుపోయినంతే అయినా, సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి.

మీవారికి జ్వరం వచ్చినా, ఎర్రదనం పైకి పాకుతున్నా రాత్రయినా ఆగవద్దు. ఈలోగా ఆ కాలిపై బరువు వేయనివ్వకండి, వేడినీళ్లలో పెట్టనివ్వకండి. మొద్దుబారిన కాలికి నీరు ఎంత వేడిగా ఉందో తెలియదు.