జపాన్ సంప్రదాయాల్లో మీకు బాగా నచ్చిందేమిటి? – నాకైతే కోయాసాన్ కొండ

జపాన్ చూసొచ్చినవాళ్లకు అక్కడి ఆచారాల్లో ఏది మనసులో నిలిచిపోయిందని అడిగారు. రైళ్ల టైమింగ్, వీధుల శుభ్రత గురించి అందరూ చెబుతారు, అవన్నీ నిజమే. నాకు మాత్రం జపాన్ అనగానే కోయాసాన్ కళ్లముందు కదులుతుంది.

ఒసాకాలో నంబా స్టేషన్ నుంచి రైల్లో వెళ్లి, చివర్లో కేబుల్ కారులో కొండెక్కాలి. 816లో కూకాయ్ అనే బౌద్ధాచార్యుడు ఇక్కడ షింగోన్ శాఖకు క్షేత్రం నెలకొల్పారు. షింగోన్ అంటే మంత్రం అనే. కొండమీద చాలా గుళ్లలో యాత్రికులకు బస ఇస్తారు.

నేనూ మా ఆవిడా వెళ్లింది నవంబరులో, కార్తీక మాసం. అప్పటిదాకా ప్రతి పూటా సూపులో చేప కలిసిందేమోనని తనకు ఒకటే టెన్షన్. ఇక్కడ గుడి భోజనంలో మాంసం, చేప మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవని తెలిసి ప్రాణం కుదుటపడింది. నువ్వులతో చేసిన తోఫు నోట్లో వెన్నలా కరిగిపోయింది. తిని గుమ్మం దగ్గరికొస్తే, లోపలికెళ్తూ విడిచిన మా చెప్పులు బయటివైపు తిరిగి ఉన్నాయి. కాలు పెట్టి నడవడమే. ఎవరు తిప్పారో మేం చూడనేలేదు.

తెల్లవారుజామున గోమా చూశాం. మన హోమమే ఆ పేరుతో చైనా మీదుగా అక్కడికి చేరింది. డోలు మోగుతుంటే, భక్తులు కోరికలు రాసిచ్చిన పుల్లలను మంటలో వేస్తున్నారు. పూజలో "ఓన్ అబోక్యా బేయిరోషానో" అని వినిపించగానే ఒళ్లు జలదరించింది. ఓం అమోఘ వైరోచన! సంస్కృత మంత్రాన్ని వాళ్ల నాలుక తిరిగినట్టు పన్నెండు వందల ఏళ్లుగా చదువుతూనే ఉన్నారు.

తర్వాత కొండమీదే ఉన్న పాత శ్మశానవనం ఓకునోయిన్‌కి నడిచాం. ఆకాశాన్నంటే దేవదారుల్లాంటి చెట్ల కింద సుమారు రెండు కిలోమీటర్ల దారి, రెండు వైపులా రెండు లక్షలకు పైగా సమాధులు. ఆ చివర కూకాయ్ 835 నుంచి ధ్యానంలోనే ఉన్నారని వాళ్ల నమ్మకం. అందుకే రోజూ ఉదయం ఆరింటికి, మళ్లీ పదిన్నరకి ఆయనకు భోజనం తీసుకెళ్తారు. ముందుగా రుచి చూసే జిజో బోధిసత్వుడి దగ్గర పెట్టి, తర్వాత చెక్కపెట్టెలో వంతెన దాటిస్తారు. నైవేద్యం తెలిసిన మనకు ఇందులో వింతేమీ ఉండదు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి, ఇన్ని వందల ఏళ్లుగా ఆయన్ను ఇంట్లో మనిషిలాగే చూసుకుంటున్నారు కదా అని.

ఆ వంతెనకు ఇవతల వరుసగా కంచు విగ్రహాలున్నాయి. పోయినవాళ్లను తలుచుకుని వాటిమీద నీళ్లు పోస్తారు. మా నాన్న పోయి అప్పటికి ఏడాది. ఎలా పోయాలో తెలియక పక్కన నిలబడి చూస్తున్నాను. నా ముందున్న పెద్దావిడ తన వంతు అయ్యాక గరిటె కడిగి, పిడి నా వైపు తిప్పి, రెండు చేతులతో అందించింది. నాన్న పేరు, గోత్రం చెప్పుకుని నీళ్లు పోశాను.