పార్కిన్సన్స్ ఉంటే పప్పు, గుడ్డు మానేయాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. ఏడాదిన్నర క్రితం పార్కిన్సన్స్ (చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం, కదలికలు నెమ్మదించడం) అని తేలింది. లెవోడోపా–కార్బిడోపా మాత్ర రోజుకు మూడుసార్లు భోజనం తర్వాత వేసుకుంటున్నారు. ‘మెదడు కణాల్లో ప్రొటీన్ ఉండలు కట్టడం వల్ల వచ్చే జబ్బు’ అని ఆస్పత్రిలో చెప్పారు. దాంతో మూడు నెలలుగా అమ్మ పప్పు, గుడ్లు, పెరుగు, చికెన్ అన్నీ మానిపించింది. విచిత్రంగా, మధ్యాహ్నం మాత్ర ఇదివరకటి కంటే బాగా పనిచేస్తోంది. కానీ 62 కిలోల మనిషి 57కి వచ్చారు. ఇలాగే కొనసాగించాలా? దూలగొండి గింజల పొడి మంచిదంటున్నారు, వాడొచ్చా? ఈ జబ్బు మాకూ వస్తుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పప్పు, గుడ్లు, పెరుగు ఈరోజే మళ్లీ మొదలుపెట్టండి. మాత్ర బాగా పనిచేస్తున్న మాట నిజమే. దానికి కారణం మాత్రం మీ అమ్మగారు అనుకుంటున్నది కాదు.

ఉండలు కట్టే ప్రొటీన్ పేరు ఆల్ఫా సైన్యూక్లిన్. 140 అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లాంటివి) చిన్న గొలుసు అది. నరాల కణాలు తమకు కావలసినంత తామే తయారుచేసుకుంటాయి. మనం తిన్న కందిపప్పు, గుడ్డు పేగుల్లోనే అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. కంచంలోని ప్రొటీన్ మెదడులోకి వెళ్లి గడ్డకట్టడమనేది జరగదు.

మరి ఉండలెందుకు కడతాయి? ప్రతి ప్రొటీన్ సరైన తీరులో మడతపడితేనే పనికొస్తుంది. మడత తప్పినవాటిని సరిచేయడానికి, కుదరకపోతే ముక్కలుచేసి పారేయడానికి కణంలో ఏర్పాట్లుంటాయి. వయసు మీదపడే కొద్దీ ఈ శుభ్రం చేసే పని మందగిస్తుంది. మడత తప్పిన సైన్యూక్లిన్ పక్కనున్న మంచిదాన్ని కూడా తన తీరుకే తిప్పుకుంటుంది. గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేస్తే గిన్నెడూ పేరుకున్నట్టే. అది ఒక కణంతో ఆగదు. పార్కిన్సన్స్ రోగుల మెదడులో అమర్చిన కొత్త నరాల కణాల్లో కూడా పదేళ్లు దాటాక ఇవే ఉండలు కనిపించాయని 2008లో బయటపడింది. అలాగని మనిషి నుంచి మనిషికి అంటుకునే జబ్బు కాదు, ఒకే కంచంలో తిన్నా ఏమీ కాదు. ఈ ఉండల్నే లెవీ బాడీస్ అంటారు. 1912లో ఫ్రెడరిక్ లెవీ వీటిని వర్ణించారు. వాటిలో ఉన్నది సైన్యూక్లిన్ అని తేలింది మాత్రం 1997లో.

ఇక మాత్ర సంగతి. అందులోని అసలు మందు లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే. పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి దాటడానికి దానికి ఉన్న దారి, పప్పులోంచి, మాంసంలోంచి వచ్చే కొన్ని అమైనో ఆమ్లాల దారి ఒక్కటే. పప్పన్నం తిన్న వెంటనే వేసుకుంటే ఆ తోపులాటలో మందు వెనకబడుతుంది. పైగా కడుపు నిండుగా ఉంటే మాత్ర పేగులోకి దిగడమే ఆలస్యం. మీరు పప్పు మాన్పించాక దారి ఖాళీ అయింది, మందు పూర్తిగా అందింది. ఉండలు తగ్గలేదు. కాబట్టి మార్చాల్సింది తిండిని కాదు, మాత్ర వేళని.

మొదట్లో వికారం రాకుండా భోజనంతో వేసుకోమంటాం. ఒళ్లు అలవాటుపడ్డాక ఆ మాట మార్చి చెప్పడం చాలామంది మరిచిపోతారు, చీటీ మీద ‘భోజనం తర్వాత’ అనేది అలాగే ఉండిపోతుంది. మీ డాక్టరుతో ఒక మాట అనుకుని ఇలా చేయండి: ఉదయం 7కి మాత్ర, 7.45కి టిఫిన్. 12కి మాత్ర, 12.45కి భోజనం. సాయంత్రం 5.30కి మాత్ర, 7.30కి రాత్రి భోజనం. ప్రతిసారీ గ్లాసు నిండా నీళ్లతో, పాలతో వద్దు. ఎప్పుడైనా ఆలస్యమై ముందే తినేస్తే గంటన్నర, రెండు గంటలు ఆగి వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వికారంగా ఉంటే సగం అరటిపండు చాలు. ఐరన్ మాత్ర వాడుతుంటే రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలుండాలి, ఐరన్ లెవోడోపాను పట్టేసుకుంటుంది. మలబద్ధకాన్ని కూడా వదిలేయొద్దు, దానివల్లా మందు అందడం ఆలస్యమవుతుంది.

ప్రొటీనంతా రాత్రి పూటకే పెట్టే పద్ధతి ఒకటుంది. మందు ప్రభావం మధ్యమధ్యలో ఆగిపోయే దశలో అది పనికొస్తుంది. మీ నాన్నగారికి వేళ మారిస్తే సరిపోతుందని నా అభిప్రాయం.

ఆయనకు రోజుకు సుమారు 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. 200 గ్రాముల బియ్యంలో 14, 30 గ్రాముల కందిపప్పులో 6 నుంచి 7, రెండు గుడ్లలో 12, 300 గ్రాముల పెరుగులో 9 నుంచి 10, 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో 12, గుప్పెడు వేయించిన శనగల్లో 6. ఇంతే, ప్రొటీన్ పొడి డబ్బాలు అక్కర్లేదు. అయిదు కిలోలు తగ్గడాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఈ జబ్బులో బరువు ఎలాగూ తగ్గుతుంది, దానికి తోడు కండ కరిగితే తూలిపడతారు. మనిషి చిక్కితే అదే మోతాదు ఎక్కువై ఒళ్లు మెలికలు తిరిగే కదలికలు రావచ్చు. నెల రోజుల్లో బరువు పెరగకపోతే థైరాయిడ్, షుగర్ కూడా చూపించండి.

దూలగొండి వద్దు. అది పనిచేయక కాదు, పనిచేస్తుంది కాబట్టే వద్దంటున్నాను. ఆ గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంది, ఏ చెంచాలో ఎంత ఉందో చెప్పలేం. మాత్రలోని కార్బిడోపా దాని బలాన్ని ఇంకా పెంచుతుంది. లేచి నిలబడగానే బీపీ పడిపోవడం, లేనివి కనిపించడం అలా మొదలవుతాయి. పొడి మీద నమ్మకంతో మాత్ర ఒక్కసారిగా ఆపేయడం మరీ ప్రమాదం: తీవ్ర జ్వరం, ఒళ్లు కొయ్యబారడం, ప్రాణం మీదికి రావడం.

మందుల షాపులో జాగ్రత్త. తలతిరుగుడుకు ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ ఈ జబ్బును పెంచుతాయి. ఈ నాలుగు పేర్లూ కాగితం మీద రాసి నాన్నగారి జేబులో పెట్టండి.

ఉండల్ని కరిగించే మందు ఇంకా చేతికి రాలేదు. ప్రాసినెజుమాబ్, సిన్‌పనెమాబ్ అనే యాంటీబాడీలతో చేసిన రెండో దశ ప్రయోగాల్లో ఆశించిన మేలు కనిపించలేదని 2022లో ప్రచురించారు. స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తామనే ప్రకటనలకు లక్షలు పోయకండి.

మీకు వస్తుందా అంటే, ఎక్కువమందిలో ఇది వంశపారంపర్యం కాదు. 50 ఏళ్లలోపు మొదలైనా, కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి ఉన్నా జన్యు పరీక్ష గురించి ఆలోచిస్తాం. మీ ఇంట్లో ఆ అవసరం కనబడటం లేదు.

వారం రోజులపాటు మాత్ర వేసిన సమయం, తిన్న సమయం, చేయి తేలికపడిన సమయం, మళ్లీ బిగుసుకున్న సమయం నోట్‌బుక్‌లో రాసి న్యూరాలజిస్టుకు చూపించండి. ఆ నాలుగు గడులు చూస్తే మోతాదు మార్చాలో వద్దో ఆయన తేల్చగలరు.